బ్రెగ్జిట్ లాభమా, నష్టమా: ప్రొద్దుటూరు బావాబావమరుదుల వాదనకు నా సమాధానం

ప్రొద్దుటూరు నుంచి ఒక యువకుడు మూడు సంగతులు కలిపి అడిగారు. ఐరోపా దేశాల కూటమి అయిన యూరోపియన్ యూనియన్ నుంచి విడిపోయాక (దీనినే బ్రెగ్జిట్ అంటున్నారు) బ్రిటన్ బాగుపడిందని, బయటి దేశాలవాళ్ల రాక తగ్గిపోయిందని వారి బావగారి వాదన. విడిపోవడంతో ఆ దేశం దివాలా తీసిందని వీరి వాదన. అది తెగకముందే, రాయలసీమ ప్రత్యేక రాష్ట్రమైతే మనకు జరిగేదీ ఇదే కదా అని ఇంట్లో మరొకరు అన్నారట. చివరగా, బ్రిటన్‌లో ఎంఎస్సీ చదవాలనుకుంటున్న చెల్లెలిని ఈ పరిస్థితుల్లో పంపవచ్చునా అని అడిగారు.

అనంతపురంలో ముప్ఫై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. నా దగ్గర చదివినవారిలో కొందరు ఈ పదేళ్లలో బ్రిటన్ వెళ్లారు. కొందరు అక్కడే నిలదొక్కుకున్నారు, కొందరు అప్పులతో తిరిగి వచ్చారు. అందువల్ల ఈ విషయాన్ని నేను లెక్కల కోసమే కాకుండా వాళ్ల కోసం కూడా గమనిస్తూ వచ్చాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. బావగారి మాటా నిలవదు, మీ మాటా నిలవదు. బ్రిటన్ దివాలా తీయలేదు, కానీ ఎదగవలసినంత ఎదగలేదు. వలస ఆగలేదు, వచ్చే మనుషులు మారారు. వలస మీద అదుపు కోసం ఆ దేశం తన అతి పెద్ద సంతతో ఉన్న సౌలభ్యాన్ని వదులుకుంది. అలా సంపాదించుకున్న అదుపును, తర్వాత వచ్చిన ప్రభుత్వం వలసను పెంచే విధంగానే వాడింది. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగిలినవన్నీ దానంతట అవే విడతాయి.

ముందు తేదీలు. బ్రిటన్ 1973 జనవరి 1న తర్వాత యూరోపియన్ యూనియన్‌గా మారిన ఐరోపా ఆర్థిక కూటమిలో చేరింది. 1975లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో మూడింట రెండు వంతుల మంది అందులోనే ఉండాలన్నారు. 2016 జూన్ 23న మళ్లీ అడిగితే 51.9 శాతం మంది బయటికి పోదామని, 48.1 శాతం మంది ఉందామని ఓటు వేశారు. 2020 జనవరి 31న చట్టప్రకారం బయటికి వచ్చారు. అయితే పాత నిబంధనలు ఆ ఏడాది డిసెంబరు 31 వరకు సాగాయి. కాబట్టి సరుకుల మీద, మనుషుల మీద అసలు ప్రభావం మొదలైంది 2021 జనవరి 1 నుంచి. 2016 నుంచి 2020 దాకా కనిపించిన మార్పులు రాబోయేదానిని ఊహించుకుని వ్యాపారులు చేసుకున్న సర్దుబాట్లు మాత్రమే. ఈ తేడా పాటించకపోవడం వల్లనే చాలా వాదనలు దారి తప్పుతాయి.

మీ వాదన ఎక్కడ బలహీనమో చెబుతాను. ఓటు బయటికి పోదామని పడితే వెంటనే ఆర్థిక మాంద్యం వస్తుందని, లక్షల ఉద్యోగాలు పోతాయని 2016లో బ్రిటిష్ ఆర్థిక శాఖ అంచనా ప్రకటించింది. అది జరగలేదు. పౌండు విలువ మాత్రం ఒక్క రాత్రిలో సుమారు 1.50 డాలర్ల నుంచి 1.33 డాలర్ల దగ్గరికి పడిపోయింది. దిగుమతి సరుకుల ధరలు పెరిగి సామాన్యుల జీతం విలువ కొంత కరిగింది. సంస్థలు కొత్త పెట్టుబడులు పెట్టడానికి కొన్నేళ్లు వెనకాడాయి. కానీ మాంద్యం రాలేదు, ఉద్యోగాలు తగ్గలేదు. నేను కూడా ఆ రోజుల్లో తరగతిలో ఆ అంచనానే చెప్పాను, తర్వాతి సంవత్సరం అదే తరగతిలో అది తప్పని ఒప్పుకున్నాను. ఆ తప్పుడు అంచనా వల్ల జరిగిన పెద్ద నష్టం ఏమిటంటే, నిపుణులు తర్వాత చెప్పిన సరైన మాటలను కూడా జనం నమ్మడం మానేశారు.

అసలు నష్టం ఎలా కలుగుతుందో తెలియాలంటే బెంగళూరు రహదారి మీద మన కొడికొండ చెక్‌పోస్టును గుర్తు చేసుకోండి. 2017 జూలై 1న జీఎస్‌టీ వచ్చి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తివేయక ముందు, ఆంధ్ర, కర్ణాటక సరిహద్దుల దగ్గర లారీలు వరుసలు కట్టి నిలబడేవి. వే బిల్లులో ఒక అంకె తప్పినా, సీ ఫారం లేకపోయినా, టమాటా లోడు ఎండలో గంటల తరబడి ఆగిపోయేది. ఆ లారీ మీద పన్ను ఎంత పడిందన్నది ఒక ఖర్చు. నిలబడినందుకు పోయిన సమయం, డ్రైవరు బత్తా, కాగితాలు రాసే గుమాస్తా జీతం, పాడైన సరుకు మరొక ఖర్చు. యూరోపియన్ యూనియన్‌లో ఉన్నంతకాలం డోవర్ రేవు దాటి ఫ్రాన్స్‌లోకి పోయే లారీకి ఈ రెండో ఖర్చు లేదు. 2020 డిసెంబరు 24న కుదిరిన ఒప్పందం సుంకాలు వేయబోమని చెప్పింది కాబట్టి పెద్దగా ఏమీ మారలేదని చాలామంది అనుకున్నారు. సుంకం సున్నాగానే ఉంది. చెక్‌పోస్టు మాత్రం తిరిగి వచ్చింది.

ఆ చెక్‌పోస్టు దగ్గర ఏమేమి చూపాలో ఒకసారి ఆలోచించండి. ప్రతి సరుకుకూ కస్టమ్స్ పత్రం కావాలి. మాంసం, జున్ను వంటివాటికి పశువైద్యుడి ధ్రువపత్రం కావాలి. వీటికి మించి, సుంకం లేకుండా పోవాలంటే ఆ వస్తువు నిజంగా బ్రిటన్‌లో తయారైనదేనని, అందులో ఇతర దేశాల విడిభాగాలు ఒక పరిమితికి లోపలే ఉన్నాయని రుజువు చేయాలి. పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం చూసినవారికి దీని బరువు తెలుస్తుంది. విడిభాగాలు తమిళనాడు పక్క నుంచి లారీల్లో వస్తుంటాయి, వచ్చినవి వచ్చినట్టే బిగింపుకు పోతాయి, నెలల సరుకు గోదాములో నింపి పెట్టుకోరు. బ్రిటన్‌లో సండర్లాండ్ అనే ఊరిలో నిస్సాన్ కర్మాగారం 1986 నుంచి ఇదే పద్ధతిలో నడుస్తున్నది. ఆ ఊరిలో 61 శాతం మంది బయటికి పోదామనే ఓటు వేశారు. నిస్సాన్ లాంటి పెద్ద సంస్థ ప్రభుత్వంతో మాట్లాడి హామీలు తీసుకోగలదు, కాగితాలు చూసుకోవడానికి ఒక విభాగమే పెట్టుకోగలదు. పదిమంది పనివాళ్లతో జున్ను తయారుచేసి బెల్జియంకు నెలకు నాలుగు పెట్టెలు పంపుకునే చిన్న వ్యాపారి అది చేయలేడు. అతను ఆ గిరాకీ వదులుకుంటాడు. ఇలాంటి చిన్నవారి నష్టం పత్రికల్లో పెద్ద శీర్షిక కాదు, ఒక కర్మాగారం మూతపడినట్టు కళ్లకు కనపడదు. అందుకే మీ బావగారికి నష్టం కనిపించలేదు, అందులో వారి తప్పు లేదు.

ఇంకొక విచిత్రం ఉంది. యూరోపియన్ యూనియన్ తన వైపు తనిఖీలను మొదటి రోజు నుంచే అమలు చేసింది. బ్రిటన్ తన వైపు దిగుమతి తనిఖీలను పలుమార్లు వాయిదా వేసుకుంటూ పోయి 2024లో గానీ మొదలుపెట్టలేదు. తినే తిండిలో పెద్ద భాగం ఆ దారినే వస్తున్నందువల్ల, తనిఖీలు పెడితే దుకాణాల్లో ధరలు పెరుగుతాయన్న భయమే కారణం. సరిహద్దు మీద అదుపు కావాలని ఓటు వేసిన దేశం, ఆ అదుపును అమలు చేయడానికి అంతకాలం వెనకాడింది.

మరి మొత్తం నష్టం ఎంత? బ్రిటన్‌లో ప్రభుత్వ ఆదాయ వ్యయాలను స్వతంత్రంగా అంచనా వేసే ఆఫీస్ ఫర్ బడ్జెట్ రెస్పాన్సిబిలిటీ అనే సంస్థ, యూనియన్‌లో ఉండి ఉంటే సాధించగలిగే ఉత్పాదకతతో పోలిస్తే దీర్ఘకాలంలో సుమారు 4 శాతం తక్కువగా ఉంటుందని, ఎగుమతి దిగుమతులు సుమారు 15 శాతం తక్కువగా ఉంటాయని లెక్కించింది. దీనిని చాలామంది తప్పుగా చదువుతారు. నిన్న నూరు ఉన్నది ఈరోజు తొంభై ఆరు అయిందని దీని అర్థం కాదు. కాలక్రమంలో ఎక్కడికి చేరవలసిందో అక్కడికి నాలుగు తక్కువగా చేరుతుందని అర్థం. మన వేరుశనగ రైతు భాషలో చెప్పాలంటే, విత్తనం మార్చిన ఏడాదే వానలు ముఖం చాటేశాయనుకోండి. దిగుబడి తగ్గితే ఆ నేరం విత్తనానిదో వానదో ఒక్క చేను చూసి చెప్పలేము. అదే వాన పడి, పాత విత్తనమే వేసిన పక్క చేలను చూడాలి. బ్రిటన్ బయటికి వచ్చిన రెండు నెలలకే కరోనా లాక్‌డౌన్ వచ్చింది, 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలై గ్యాసు ధరలు మండిపోయాయి. అందువల్ల ఆర్థికవేత్తలు అవే కష్టాలు పడిన ఇతర దేశాలతో పోల్చి మిగిలిన తేడాను బ్రెగ్జిట్ ఖాతాలో వేస్తారు. ఈ పద్ధతిలో వచ్చే అంకె ఒకరికీ మరొకరికీ కొంత మారుతుంది, కానీ నష్టమే లేదని తేల్చినవారు చాలా తక్కువ. సేవల ఎగుమతులు మాత్రం అనుకున్నదాని కంటే బాగా నిలబడ్డాయి. లండన్ ఆర్థిక కేంద్రం ఖాళీ అయిపోతుందన్న మాట నిజం కాలేదు. 2021 జనవరిలో ఐరోపా షేర్ల లావాదేవీల్లో ఆమ్‌స్టర్‌డామ్ దానిని దాటిపోయినా, నగరం తన స్థానం నిలుపుకుంది.

వారానికి 35 కోట్ల పౌండ్లు యూనియన్‌కు పంపుతున్నామని, ఆ సొమ్ము ఆసుపత్రులకు ఇద్దామని ఎర్ర బస్సు మీద రాసి తిప్పిన ప్రచారం గురించి కూడా మీ బావగారు చెప్పి ఉంటారు. అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్ 1984లో సాధించిన రాయితీని మినహాయించకుండా, తిరిగి రైతులకూ వెనుకబడిన ప్రాంతాలకూ వచ్చే డబ్బును తీసివేయకుండా వేసిన లెక్క అది. ఆ దేశపు గణాంకాల సంస్థే దానిని తప్పుదోవ పట్టించేదిగా చెప్పింది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, సభ్యత్వ రుసుము మిగిలినా, ఎదుగుదల తగ్గినందువల్ల పన్నుల్లో పోయేది దానికంటే ఎక్కువ.

కొత్త ఒప్పందాలు ఆ లోటు పూడ్చవా అని అడగవచ్చు. అనంతపురం వ్యాపారి బెంగళూరుతో చేసే బేరం ఢిల్లీతో చేయడు. దూరం పెరిగేకొద్దీ వ్యాపారం పలచబడుతుంది. బ్రిటన్ ఎగుమతుల్లో నూటికి నలభైకి పైగా పక్కనే ఉన్న ఆ యూనియన్‌కే పోతాయి. భారత్‌తో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద 2025 జూలై 24న సంతకాలయ్యాయి. మన వస్త్రాలకు, తోలు వస్తువులకు, రొయ్యలకు అది మంచి అవకాశం. అయితే దానివల్ల 2040 నాటికి తమ ఉత్పత్తికి ఏడాదికి కలిసివచ్చేది 480 కోట్ల పౌండ్లని, అంటే ఒక శాతంలో ఏడో ఎనిమిదో వంతని బ్రిటిష్ ప్రభుత్వమే లెక్క వేసుకుంది. 2025లో అమెరికా సుంకాలు విధించినప్పుడు బ్రిటన్‌కు 10 శాతం, యూనియన్‌కు 15 శాతం ఖరారు కావడం విడిగా ఉన్నందుకు దొరికిన నిజమైన లాభమే. న్యాయంగా దానిని కూడా తూకంలో వేయాలి. వేసినా ముల్లు ఎటు మొగ్గుతుందో మారదు.

ఇప్పుడు వలస సంగతి. యూనియన్ సభ్యదేశాల పౌరులు ఏ సభ్యదేశంలోనైనా వీసా లేకుండా ఉండవచ్చు, పని చేసుకోవచ్చు. 2004లో పోలండ్ వంటి ఎనిమిది తూర్పు ఐరోపా దేశాలు చేరినప్పుడు, మిగిలిన పెద్ద దేశాలు కొన్నేళ్లు తలుపులు మూసి ఉంచాయి. మొదటి రోజే తెరిచినవి బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్. ఏడాదికి 5 వేల నుంచి 13 వేల మంది వస్తారని బ్రిటిష్ హోంశాఖ చేయించిన అధ్యయనం అంచనా వేసింది. వచ్చినవారు లక్షల్లో ఉన్నారు. లింకన్‌షైర్‌లో కూరగాయల పొలాల మధ్య ఉన్న బోస్టన్ అనే చిన్న పట్టణంలో బళ్లు, ఆసుపత్రులు, అద్దె ఇళ్లు ఒక్కసారిగా కిక్కిరిశాయి. ఆ పట్టణం 75.6 శాతం ఓట్లతో బయటికి పోదామంది. వాళ్లను జాతివివక్ష ఉన్నవాళ్లని ఒక్కమాటతో కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. 2010లో ప్రధాని అయిన డేవిడ్ కామెరాన్ నికర వలసను (వచ్చినవారిలోంచి వెళ్లిపోయినవారిని తీసివేయగా మిగిలే సంఖ్యను) లక్షకు లోపలికి తెస్తానని మాట ఇచ్చారు. 2015లో అది 3 లక్షలు దాటింది. యూనియన్‌లో ఉన్నంతకాలం అది పూర్తిగా ఆయన చేతిలో లేదు. జనం కోపానికి అసలు మూలం అక్కడుంది.

ఆ వలస వల్ల జరిగిన మేలు కూడా చెప్పాలి. కర్నూలు పడమటి పల్లెల్లో కోసిగి, ఆదోని పక్కల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు సుగ్గికి పోతాయి. రేపు గుంటూరు వాళ్లు బయటి కూలీలు రాకూడదని గీత గీస్తే, అక్కడి కూలీకి రెండు రోజులు రేటు పెరగవచ్చు; కానీ మిరపకాయ చెట్టు మీదే ఎండి రాలిపోతుంది, మరుసటి ఏడు రైతు ఆ పంటే వేయడు. బ్రిటన్ పొలాల్లోనూ అంతే జరిగింది. కోతల కోసం ప్రత్యేకంగా తాత్కాలిక వీసాలు పెట్టారు, 2019లో 2,500తో మొదలైనవి 2021 నాటికి 30 వేలకు పెంచవలసి వచ్చింది. 2021 సెప్టెంబరులో లారీ డ్రైవర్లు చాలక పెట్రోలు బంకులు ఖాళీ అయ్యాయి, డ్రైవర్లకు హడావుడిగా 5 వేల తాత్కాలిక వీసాలు ప్రకటించారు. ఐరోపా వలసదారులు స్థానికుల వేతనాలను పెద్దగా తగ్గించలేదని, తీసుకున్నదానికంటే పన్నుల రూపంలో ఎక్కువే ఇచ్చారని 2018లో ఆ దేశపు వలస సలహా సంఘం నివేదించింది.

ఇక్కడే సరుకుకూ మనిషికీ ఉన్న ముడి కనిపిస్తుంది. నార్వే యూనియన్‌లో సభ్యురాలు కాదు, అయినా అక్కడి ఉమ్మడి విపణిలో ఉంది. అందుకు బదులుగా మనుషుల స్వేచ్ఛా సంచారాన్ని ఒప్పుకుంది, డబ్బు కూడా కడుతుంది. బ్రిటన్ ఆ దారిలో పోయి ఉంటే చెక్‌పోస్టుల బెడద కొంతవరకు తప్పేది. కానీ స్వేచ్ఛా సంచారం ఆగవలసిందేనని అప్పటి ప్రధాని తెరెసా మే 2017 జనవరిలో ప్రకటించడంతో ఉమ్మడి విపణి కూడా చేజారింది. అంటే మనం పైన లెక్కపెట్టిన నష్టంలో పెద్ద భాగం వలస మీద అదుపుకు కట్టిన మూల్యం. మూల్యం కట్టి తెచ్చుకున్న అదుపుతో ఏం చేశారన్నదే తర్వాతి ప్రశ్న.

2021 జనవరి 1 నుంచి ఐరోపావాడికీ, అనంతపురం వాడికీ ఒకే నిబంధన వచ్చింది. ఉద్యోగ వీసాకు కావలసిన కనీస జీతాన్ని 30 వేల పౌండ్ల నుంచి 25,600 పౌండ్లకు తగ్గించారు, చదువు స్థాయి షరతును కూడా సడలించారు. ఆ ఏడాది జూలైలో, చదువు పూర్తయ్యాక రెండేళ్లు ఉండి పని వెతుక్కునే గ్రాడ్యుయేట్ వీసా మొదలైంది. 2022 ఫిబ్రవరిలో వృద్ధుల సంరక్షణ పనికి తలుపులు తెరిచారు. ఐరోపా నుంచి వచ్చేవారి కంటే తిరిగి పోయేవారు ఎక్కువయ్యారు. భారత్, నైజీరియా నుంచి వచ్చేవారు వెల్లువెత్తారు. యుద్ధం వల్ల ఉక్రెయిన్ వాళ్లు, వేరే కారణాలతో హాంకాంగ్ వాళ్లు కూడా తోడయ్యారు. 2023 మార్చితో ముగిసిన ఏడాదికి నికర వలస 9 లక్షలు దాటింది, ఓటు వేసిన నాటికంటే రెట్టింపుకు పైగా. బావగారికి ఈ ఒక్క అంకె చూపించండి. చిన్న పడవల్లో ఇంగ్లిష్ చానల్ దాటి వచ్చేవారు కూడా 2018లో 299 మంది ఉంటే 2022లో 45 వేలు దాటారు. అలాంటివారిని ముందుగా అడుగుపెట్టిన దేశానికి తిప్పి పంపే ఐరోపా ఏర్పాటు నుంచి బ్రిటన్ బయటపడడం కూడా ఆ సమస్యను కష్టతరం చేసింది.

నన్ను ఎక్కువగా బాధించేది అంకెల కంటే వీసా స్వభావంలో వచ్చిన మార్పు. పోలండ్ నుంచి వచ్చిన కూలీ యజమాని మంచివాడు కాకపోతే పని మానేసి పక్క ఊరికి పోగలిగేవాడు. ఇప్పుడు వెళ్లేవారి వీసా స్పాన్సరు చేసిన యజమానితో ముడిపడి ఉంటుంది. పని పోతే సాధారణంగా 60 రోజుల్లో మరొక స్పాన్సరును వెతుక్కోవాలి, లేకపోతే దేశం విడవాలి. రాయచోటి, రాజంపేట ప్రాంతాలలో కువైట్ వెళ్లి వచ్చిన కుటుంబాలకు దీనిని వివరించనక్కరలేదు, కఫీల్ (అక్కడ వీసా ఇప్పించే యజమాని) చేతిలో పాస్‌పోర్టు పెట్టి బతికిన అనుభవం వాళ్లకుంది. నా పాత విద్యార్థిని ఒకరు సంరక్షణ పనికి వెళ్లడానికి ఒక ఏజెంటుకు పన్నెండు లక్షలు కట్టింది. చెప్పినన్ని గంటల పని ఇవ్వలేదు, గట్టిగా అడిగితే వీసా రద్దు చేయిస్తామన్నారు. పొలం అమ్మిన సొమ్ము అది. స్వేచ్ఛగా తిరిగే కూలీ వద్దని ఓటు వేసిన దేశానికి, కట్టేసిన కూలీ దొరికాడు. ఇందులో ఆ దేశపు కూలీకీ మేలు లేదు. ఎదురు చెప్పలేని మనిషి పక్కన ఉంటే తన జీతం పెంచమని అతను ఎలా అడుగుతాడు?

తర్వాత గాలి మళ్లింది. 2024 జనవరి నుంచి, పరిశోధన కోర్సులవారు తప్ప విద్యార్థులు భార్యాపిల్లలను తీసుకుపోకూడదన్నారు. మార్చిలో సంరక్షణ పనివారికీ అదే నిబంధన పెట్టారు. ఏప్రిల్‌లో కనీస జీతం 38,700 పౌండ్లకు, 2025 జూలైలో 41,700 పౌండ్లకు పెరిగింది. అదే జూలైలో సంరక్షణ పనికి విదేశాల నుంచి కొత్తవారిని తీసుకోవడం ఆపేశారు. నికర వలస 2025 జూన్‌తో ముగిసిన ఏడాదికి 2 లక్షల దగ్గరికి దిగింది. కాబట్టి అదుపు అబద్ధం కాదు, అది నిజంగానే చేతికి వచ్చింది. నాలుగేళ్లలో తలుపు బార్లా తెరవడానికీ, మళ్లీ దగ్గరగా వేయడానికీ కూడా పనికి వచ్చింది. ఆ తలుపు మధ్య నలిగినవారిలో మన జిల్లాల పిల్లలు చాలామంది ఉన్నారు.

రాయలసీమ ప్రశ్నకు వస్తాను. మన ప్రాంతానికి అన్యాయం జరిగిందన్న భావన 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటిది. కర్నూలు 1953 నుంచి 1956 వరకు రాజధానిగా ఉండి దానిని కోల్పోయిన సంగతి ఇక్కడ ప్రతి ఇంట్లో తెలుసు. ప్రత్యేక రాష్ట్రం కావాలా వద్దా అన్నదాని మీద నా తీర్పు ఇక్కడ చెప్పడం లేదు. బ్రెగ్జిట్‌ను దానికి ఉదాహరణగా వాడడం మాత్రం సరికాదు. ఒక దేశంలో రాష్ట్రం విడిపోయినా, రాజ్యాంగం 301వ అధికరణం ప్రకారం సరుకు స్వేచ్ఛగా పోతుంది, 19వ అధికరణం ప్రకారం మనిషి ఎక్కడైనా ఉండి బతుకుతాడు, రూపాయి ఒక్కటే, జీఎస్‌టీ ఒక్కటే. 2014 జూన్ 2 తర్వాత కర్నూలు వ్యాపారి హైదరాబాదుకు పంపే సరుకుకు కస్టమ్స్ పత్రం ఏదీ రాయలేదు. బ్రిటన్ నష్టపోయింది సరిగ్గా ఈ స్వేచ్ఛలు వదులుకున్నందుకే.

పోలిక కుదిరే చోటు వేరే ఉంది. విడిపోవడం ఒక్క రోజు పని, పంచుకోవడం ఏళ్ల పని. మన విభజనలో అప్పును 58.32, 41.68 నిష్పత్తిలో పంచడానికి చట్టంలో దారి ఉంది. కానీ ఆ చట్టం తొమ్మిదో, పదో షెడ్యూళ్లలో చేర్చిన ఉమ్మడి ప్రభుత్వ సంస్థల పంపకం ఏళ్ల తరబడి తెగలేదు. కృష్ణా నీళ్లలో 811 టీఎంసీలను 512, 299గా 2015లో చేసుకున్న తాత్కాలిక సర్దుబాటు మీదే వివాదం సాగుతూ వచ్చింది. శ్రీశైలంలో ఒక గట్టు విద్యుత్ కేంద్రం వాళ్లది, రెండో గట్టుది మనది, నీళ్లు మాత్రం ఒకే జలాశయంవి. గీత ఎక్కడో ఒకచోట పడవలసిందే. బ్రిటన్‌కు ఆ చోటు ఉత్తర ఐర్లండ్ అయింది: యూనియన్‌లోనే ఉన్న ఐర్లండ్ దేశంతో దానికి ఉన్న సుమారు 500 కిలోమీటర్ల భూసరిహద్దు మీద చెక్‌పోస్టులు పెడితే 1998 శాంతి ఒప్పందానికి ముప్పు, అందుకని గీతను సముద్రంలోకి జరిపారు, అంటే తన దేశంలోనే ఒక భాగం నుంచి మరొక భాగానికి పోయే సరుకుకు కాగితాలు పుట్టాయి. 2023 ఫిబ్రవరిలో విండ్సర్ ఒప్పందం దాకా ఆ పేచీ నలిగింది. 2021 మేలో కరోనా రోగులతో హైదరాబాదుకు పోతున్న అంబులెన్సులను పుల్లూరు దగ్గర ఆపినప్పుడు, కాగితం మీది గీత మనిషికి ఎలా అడ్డం పడుతుందో కర్నూలు వాళ్లు చూశారు. హైకోర్టు జోక్యం చేసుకోగలిగింది, ఎందుకంటే రెండు వైపులా ఒకే రాజ్యాంగం ఉంది.

చివరగా మీ చెల్లెలి చదువు. భారత్, బ్రిటన్ ఒప్పందం వచ్చింది కాబట్టి వీసాలు సులువవుతాయని ఏజెంట్లు చెబుతున్నారు. ఆ ఒప్పందంతో పాటు వచ్చిన సామాజిక భద్రత మినహాయింపు, ఇక్కడి సంస్థ తాత్కాలికంగా అక్కడికి పంపే ఉద్యోగులకు కొంతకాలం పాటు వర్తిస్తుంది. విద్యార్థులకు దానితో సంబంధం లేదు. గ్రాడ్యుయేట్ వీసా కోసం 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి, పీహెచ్‌డీ చేసినవారిని మినహాయించి, గడువు రెండేళ్ల నుంచి పద్దెనిమిది నెలలకు తగ్గుతుందని ప్రకటించారు. 2026 సెప్టెంబరులో ఏడాది కోర్సులో చేరితే అది పూర్తయ్యేసరికి 2027 వస్తుంది, కాబట్టి ఆమెకు ఉండేది పద్దెనిమిది నెలలే. ఫీజుతో పాటు ఆరోగ్య సర్‌చార్జి విద్యార్థులకు ఏడాదికి 776 పౌండ్లు, ఆ తర్వాతి వీసాలో 1,035 పౌండ్లు ముందే కట్టాలి. చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరేవారికి జీతం పరిమితి 41,700 కంటే కొంత తక్కువగా ఉంది, కానీ ఆ జీతం ఇచ్చి స్పాన్సరు చేసే సంస్థలు ఆమె చదవబోయే విషయంలో ఎన్ని ఉన్నాయో బ్రిటిష్ ప్రభుత్వం ప్రకటించే స్పాన్సర్ల జాబితాలో ముందే చూసుకోవాలి. చదువు విలువ చూసి, తిరిగి వచ్చినా అప్పు తీరుతుందని లెక్క కుదిరితే పంపండి. అక్కడే స్థిరపడితేనే అప్పు తీరుతుందన్న లెక్క మీద మాత్రం ఇల్లు గానీ పొలం గానీ తాకట్టు పెట్టకండి. ఆమె ఏ కోర్సు, ఏ విశ్వవిద్యాలయం అనుకుంటున్నదో, ఎంత అప్పు అవుతుందో రాస్తే, ఆ అంకెలు దగ్గర పెట్టుకుని మళ్లీ వివరంగా చెబుతాను.